నెట్‌వర్కుల మధ్య బ్యాండ్‌విడ్త్ లెక్కలు – 4వ పాఠం: 36 గంటల మినహాయింపు

ప్రపంచంలో ఎక్కడికైనా దారి ఇవ్వమని పెద్ద నెట్‌వర్కుకు డబ్బు కడితే అది ట్రాన్సిట్. రెండు నెట్‌వర్కులు తమ తమ కస్టమర్ల ట్రాఫిక్‌ను నేరుగా ఇచ్చిపుచ్చుకుంటే పీరింగ్. పోయిన పాఠంలో ఇంతవరకు వచ్చాం. ఈసారి బిల్లు చదవడం నేర్చుకుందాం. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ట్రాన్సిట్ బిల్లు సాధారణంగా కరెంటు బిల్లులా యూనిట్ల లెక్కన రాదు. లింకు ఎంత వేగంతో నడిచిందో చూస్తారు. లింకు తగిలించిన పోర్టులో ఎంత డేటా వెళ్లిందో లెక్కపెట్టే కౌంటర్‌ను 5 నిమిషాలకోసారి చదువుతారు. 30 రోజులకు 8,640 రీడింగులు. వాటిని పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, పైనున్న 5 శాతం, అంటే 432 రీడింగులు తీసేస్తారు. 433వ అంకె మీదే బిల్లు. దీన్నే 95వ పర్సెంటైల్ అంటారు.

432ని 5తో గుణించండి. 2,160 నిమిషాలు, అంటే 36 గంటలు. రోజుకు పంచితే 72 నిమిషాలు. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి, కిటుకంతా ఇందులోనే ఉంది. క్రికెట్ ఫైనల్ రోజు మూడు గంటలు ట్రాఫిక్ రెట్టింపైనా ఆ 36 గంటల్లో కలిసిపోతుంది, బిల్లు పెద్దగా కదలదు. కానీ రోజూ రాత్రి భోజనాలయ్యాక 8.30 నుంచి 11 దాకా ఇంటింటా వీడియోలు నడుస్తాయి. అవి 72 నిమిషాల్లో ఇమడవు. మీ బిల్లును తేల్చేది ఆ రెండున్నర గంటలే. బ్యాకప్‌లను తెల్లవారుజాముకు మార్చి ఆదా చేశామనుకునేవాళ్లున్నారు. ఆ బ్యాకప్ అంతకుముందు రాత్రి రద్దీలో నడిచి ఉంటేనే అది ఆదా.

ఒక జాగ్రత్త. మొదట్లో నేను ఎంఆర్‌టీజీ (లింకు ట్రాఫిక్‌ను గ్రాఫులుగా గీసే సాఫ్ట్‌వేర్) నెలవారీ గ్రాఫ్ చూసి 95వ పర్సెంటైల్ కట్టాను. బిల్లు అంతకంటే ఎక్కువ వచ్చేసరికి ట్రాన్సిట్ కంపెనీతో వాదనకు దిగాను. తప్పు నాదే. ఆ గ్రాఫ్‌లో ఒక్కో చుక్క 2 గంటల సగటు, శిఖరాలన్నీ అరిగిపోయి ఉంటాయి. 5 నిమిషాల రీడింగులను విడిగా దాచుకోండి.

ఇక పీరింగ్. దేశంలోని ట్రాఫిక్ విదేశాలు తిరిగి రాకుండా ఇక్కడే మారాలని 2003లో నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజి ఆఫ్ ఇండియా) ఏర్పడింది. ఎక్స్ఛేంజి అంటే నెట్‌వర్కులు ఒకచోట కలిసి పీరింగ్ చేసుకునే చోటు. ఎక్స్ఛేంజిలో చేరాలంటే పోర్టుకూ, అక్కడిదాకా ఫైబర్‌కూ నెలనెలా ఖర్చుంటుంది. అది 60,000 రూపాయలనీ, ట్రాన్సిట్ సెకనుకు ఒక మెగాబిట్ వేగానికి నెలకు 100 రూపాయలనీ లెక్క కోసం అనుకుందాం. 60,000ను 100తో భాగిస్తే 600. అంటే రాత్రి రద్దీలో సెకనుకు కనీసం 600 మెగాబిట్లు అటు మళ్లితేనే డబ్బు గిట్టుబాటు. పగటి సగటు చూసి సంతకం పెట్టకండి.

అభ్యాసం: 20 రీడింగులున్నాయి. పైనున్నవి 940, 610, 600, 580. మిగతావన్నీ 300 లోపే. బిల్లు ఏ అంకె మీద వస్తుంది? 940ని 500కు దించితే ఎంత తగ్గుతుంది? దాన్ని అలాగే వదిలేసి, తర్వాతి మూడింటిలో 250 చొప్పున ఎక్స్ఛేంజికి మళ్లిస్తే? మూడు జవాబులూ కాగితం మీద రాసుకోండి, 5వ పాఠం వాటితోనే మొదలవుతుంది.