గురి పాఠాలు 4: ఐదు షాట్లతో ఎస్‌డీ తేల్చేయకండి

పోయిన పాఠంలో క్రోనోగ్రాఫ్ పెట్టి మీ రైఫిల్ వేగం కొలిచి పంపమన్నా కదా, చాలామంది పంపారు, బరంపురం నుంచి, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి కూడా. చాలా సంతోషం. ఈసారి గాలి గురించి చెప్పాలనుకున్నా గానీ ఆ అంకెలు చూశాక అది వచ్చే పాఠానికి జరిపేశా, ఎందుకంటే దాదాపు అందరూ ఒకే చోట జారారు. ఐదు షాట్లు కొట్టడం, ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, అంటే వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) తీయడం, ఆ ఒక్క అంకె పట్టుకుని ఈ గుళ్ళ డబ్బా మంచిది ఆ డబ్బా చెడ్డది అని తేల్చేయడం.

రాయగడ తమ్ముడి ఎయిర్ రైఫిల్ అంకెలే తీసుకుందాం. 171.2, 171.8, 172.0, 172.3, 172.7, అన్నీ సెకనుకి మీటర్లు. సగటు 172, ఎస్‌డీ 0.56. లెక్క కరెక్టే. రెండో రకం పెల్లెట్లకి (ఎయిర్ రైఫిల్ గుళ్ళకి) 0.9 వచ్చిందట, ఆ డబ్బా ఎవరికో ఇచ్చేశాడట. అయ్యో తమ్ముడూ!

ఐదు షాట్ల మీద 0.56 వచ్చిందంటే అసలు ఎస్‌డీ 0.34 దగ్గర నుంచి 1.6 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఇది నా ఊహ కాదు, గణాంకాల్లో 95 శాతం నమ్మకంతో చెప్పే హద్దులు, ఐదు షాట్లకి వచ్చిన ఎస్‌డీని 0.6తో ఒకసారి, 2.87తో ఒకసారి గుణిస్తే అవే వస్తాయి. 0.9కి కూడా అలాగే చేయండి, 0.54 నుంచి 2.6 దాకా వస్తుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి కదా, మరి ఏ డబ్బా మంచిదో ఎలా చెప్తాం? పది షాట్లు కొడితే ఆ గుణకాలు 0.69, 1.83 అవుతాయి, ఇరవైకి 0.76, 1.46, ముప్ఫైకి 0.8, 1.34. అంటే ముప్ఫై కొట్టినా ఇంకా కొంచెం అటూ ఇటూ ఉంటుంది, కానీ అక్కడికి వస్తే మాట్లాడుకోవచ్చు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పడితే చాలు కదండీ అని ఒకరు రాశారు. ఆ కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో ఒకే మంట మీద ఉడికినవి. ఇక్కడ మనం వెతికేదే ఒక మెతుక్కీ ఇంకో మెతుక్కీ ఉన్న తేడా, అది ఒక్కటి పడితే ఎలా దొరుకుతుంది?

ఈఎస్‌తో ఇంకా గొడవ. ఈఎస్ అంటే అన్నిటికంటే వేగంగా వెళ్ళినదానికీ అన్నిటికంటే నెమ్మదిగా వెళ్ళినదానికీ తేడా. షాట్లు పెరిగేకొద్దీ అది పెరుగుతూనే పోతుంది, రైఫిల్ అదే, పెల్లెట్ అదే అయినా సరే. సగటున ఐదు షాట్లకి ఎస్‌డీకి 2.3 రెట్లు, పదికి 3.1, ఇరవైకి 3.7, అరవై షాట్ల మ్యాచ్‌కి దాదాపు 4.6 రెట్లు. కాబట్టి ఒకరి ఐదు షాట్ల ఈఎస్‌ని ఇంకొకరి ఇరవై షాట్ల ఈఎస్‌తో పోల్చి నాదే బాగుంది అంటే అది పోలికే కాదు. నేనైతే రేంజ్‌లో కాలిక్యులేటర్ తీయను, పది షాట్ల ఈఎస్‌ని మూడుతో భాగించేస్తా, అక్కడికక్కడ ఒక అంచనాకి అది చాలు. ఇంటికొచ్చాక గూగుల్ షీట్స్‌లో ఎస్‌టీడీఈవీ కొట్టండి.

ఇంకొకటి, దీని మీద నాకు నిజంగానే కోపం వస్తుంది. "ఒకటి 169.5 వచ్చింది సార్, అది ఎందుకో తేడాగా ఉందని తీసేశాం" అని ముగ్గురు నలుగురు రాశారు. తీసేయకండి! మ్యాచ్‌లో అది కూడా వస్తుంది, అప్పుడు స్క్రీన్ మీద దాన్ని ఎవరు తీసేస్తారు? మనం కొలిచేదే ఆ తేడా షాట్ ఎంత తరచుగా వస్తుందీ అని. క్రోనోగ్రాఫే తప్పు చదివి 340 అని చూపిస్తే సరే, ఆ రైఫిల్‌కి అంత వేగం ఉండదు కాబట్టి కొట్టేయండి, అది కూడా ఏ అంకె దాటితే కొట్టేస్తామో షూటింగ్ మొదలుపెట్టకముందే రాసిపెట్టుకుని.

ఇంతకీ ఈ ఎస్‌డీ టార్గెట్ మీద ఎంత కనిపిస్తుంది? వేగం 1 శాతం తగ్గితే చేరే టైం 1 శాతం పెరుగుతుంది, కిందికి జారడం టైం వర్గంతో పెరుగుతుంది కాబట్టి జారుడు 2 శాతం పెరుగుతుంది. అంతే, ఇది ఒక్కటి గుర్తుంటే చాలు.

10 మీటర్ల దగ్గర పెల్లెట్ జారేది సుమారు 17 మిల్లీమీటర్లు. 172కి 0.56 అంటే 0.33 శాతం, జారుడులో తేడా 0.11 మిల్లీమీటర్. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో ఒక్క దశాంశం (0.1 పాయింట్) అంటే 0.25 మిల్లీమీటర్. ఆ 0.9 డబ్బాకైనా వచ్చేది 0.18 మాత్రమే. అంటే తమ్ముడు ఇచ్చేసిన డబ్బా తప్పేమీ చేయలేదు, ఆ దూరంలో పోయే పాయింట్లు ట్రిగ్గర్ దగ్గర పోతున్నాయి.

50 మీటర్లకి పాయింట్ 22 (0.22 అంగుళాల) తూటా వేగం సుమారు 327, జారుడు పన్నెండున్నర సెంటీమీటర్లు, ఒక శాతానికి 2.5 మిల్లీమీటర్లు. పది పాయింట్లిచ్చే పది రింగు వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, దశాంశం 0.8. ఇక్కడ ఒక శాతం వేగం తేడా మూడు దశాంశాలు తినేస్తుంది. మన షూటర్ స్వప్నిల్ కుసాలే 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ దూరంలోనే. ఎన్‌సీసీ పిల్లలు 25 మీటర్లలో కొడతారు కాబట్టి మీకు దీని బాధ ఇంకా తక్కువ.

ఇప్పుడు దూరం పెంచి చూడండి. పాయింట్ 308, 175 గ్రెయిన్ల బరువున్న తూటా, సెకనుకి 790 మీటర్లు. 300 మీటర్ల దగ్గర 1 శాతం తేడాకి రెండు సెంటీమీటర్ల లోపే, అక్కడ పది రింగు 10 సెంటీమీటర్లు, పెద్ద పట్టింపు లేదు. అదే తూటా 1000 గజాలకి వెళ్తే అదే 1 శాతం 20 సెంటీమీటర్లు దాటేస్తుంది, ఎఫ్ క్లాస్ (సపోర్ట్ మీద పెట్టి కొట్టే లాంగ్ రేంజ్ పోటీ) టార్గెట్ పది రింగేమో మొత్తం 25. దూరం మూడు రెట్లు, తేడా పది రెట్లకి పైన. లాంగ్ రేంజ్ వాళ్ళు వేగం వేగం అని ప్రాణం తీసేది ఇందుకే, వాళ్ళని చూసి 10 మీటర్ల వాళ్ళు కంగారు పడక్కర్లేదు.

వేగం తప్పు దాదాపు నిలువుగానే పడుతుంది, అడ్డంగా కాదు. టార్గెట్ మీద అడ్డం ఎస్‌డీ 4 మిల్లీమీటర్లు, నిలువు 5 వచ్చిందనుకోండి, 25లోంచి 16 తీస్తే 9, దాని వర్గమూలం 3. ఆ 3 మిల్లీమీటర్లే వేగం మీద వేయగలిగిన నింద. 50 మీటర్లకి అది 1.2 శాతం, అంటే సెకనుకి 4 మీటర్లు, క్రోనోగ్రాఫ్ కూడా ఆ దగ్గరే చూపించాలి. 1 చూపిస్తే మీ ఊపిరి దగ్గర వెతకండి.

మే నెలలో బరంపురం ఎండకి పాయింట్ 22 డబ్బా బండి డిక్కీలో పెట్టకండి, తూటాలోని మందు వేడెక్కితే వేగం మారుతుంది, తూటా మీద మైనం కూడా మెత్తబడుతుంది. కొట్టే ముందు వేడి చాంబర్‌లో తూటా ఎక్కువసేపు ఉంచొద్దు. పెల్లెట్లు ఒక్కొక్కటి తూచడం నాకు ఇష్టం లేదు, ఆ టైంలో ముప్ఫై షాట్లు కొట్టండి.

అభ్యాసం: ఒకే డబ్బా, ఒకే రోజు, సిలిండర్‌లో ఒకే గాలి ప్రెషర్ పరిధిలో ముప్ఫై షాట్లు, సపోర్ట్ మీద పెట్టి. ప్రతి షాట్‌కి వేగం, అడ్డం, నిలువు మూడూ రాయాలి. మూడిటికీ ఎస్‌డీ, తర్వాత వర్గమూలం లెక్క. మర్నాడు అదే డబ్బాతో ఇంకో ముప్ఫై, రెండు రోజులూ కలపకుండా విడివిడిగా. జయపురం, కొరాపుట్ వాళ్ళు పొద్దున్న చలిలో ఒకటి, మధ్యాహ్నం ఒకటి చేయండి. ఒడియా మీడియం పిల్లలకి ఇంట్లో ఎవరైనా ఇది చదివి వినిపించండి. ఒక్క షాట్ కూడా తీసేయకుండా అరవై షాట్ల అంకెలూ పంపండి, ఎస్‌డీ ఒక్కటే పంపితే చూడను.