రాణి ఈగ కనబడలేదా? గుడ్లు చూడండి చాలు

కొత్తగా తేనెపెట్టె పెట్టినవాళ్లు మూత తీయగానే రాణి కోసం వెతుకుతారు. తేనెపట్టు ఉండే చెక్క ఫ్రేములన్నీ తిప్పి తిప్పి ఈగల్ని రేపి, చివరికి రాణి లేదేమోనని దిగులుపడతారు. అసలు రాణిని చూడాల్సిన పనే లేదు. పట్టులోని గది అడుగున నిలబడ్డ గుడ్డు కనిపించిందంటే, నిన్నో ఇవాళో రాణి అక్కడ తిరిగినట్టే.

వారం పది రోజులకోసారి తెరిస్తే చాలు. నెల్లూరు, ప్రకాశం ఎండలకు ఉదయం తొమ్మిదిన్నరలోపే పని ముగించుకోవాలి. మే నెలలో ఎండెక్కాక ఫ్రేము బయటికి తీస్తే లేత మైనం మెత్తబడి తేనెపట్టు జారిపోతుంది. ఫ్రేమును నిలువుగానే పట్టుకోండి, పళ్లెంలా అడ్డంగా తిప్పొద్దు. ఎండ మీ వీపు వెనక ఉండి, వెలుగు భుజం మీదుగా గది అడుక్కి పడాలి. కొత్త తెల్ల పట్టులో గుడ్డు సరిగా ఆనదు. నల్లబడిన పాత పట్టులో తేలిగ్గా కనబడుతుంది. అక్కడ మొదలుపెట్టండి. చత్వారం ఉంటే ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి చూసుకోవచ్చు.

గుడ్డు మిల్లీమీటరున్నర పొడవుండే తెల్లదారం ముక్కలా ఉంటుంది. మొదటి రోజు నిటారుగా, రెండో రోజు ఒరిగి, మూడో రోజు పడుకుని కనిపిస్తుంది. తర్వాత పాలలాంటి ద్రవంలో వంకీ తిరిగిన పురుగు. ఇటాలియన్ ఈగల్లో పురుగు దశ దాదాపు 6 రోజులు, ఈగలు గదికి మైనం మూత వేశాక 12 రోజులు. గుడ్డుగా ఉన్న మూడు రోజులూ కలిపి మొత్తం 21. మన దేశవాళీ ఈగ ఒకటి రెండు రోజులు ముందే బయటికొస్తుంది.

ఈ లెక్కలోనే అసలు కిటుకుంది. రాణి రోజూ ఒకే తీరుగా పెడుతుంటే గుడ్లు ఒక వంతు, పురుగులు రెండు వంతులు, మూత గదులు నాలుగు వంతులు ఉండాలి. గుడ్లు అంతకంటే ఎక్కువుంటే రాణి జోరు పెంచింది. మూత గదులు నిండుగా ఉండి గుడ్లు పలచబడితే జోరు తగ్గింది. గుడ్లు, పురుగులు రెండూ లేకుండా మూత గదులే మిగిలితే, తొమ్మిది రోజులుగా గుడ్డు పడలేదన్నమాట. చూసిందల్లా తేదీ వేసి పెట్టె మూత మీదే సుద్దతో రాసుకోండి.

రాణి ముందు కాళ్లతో గదిని కొలుస్తుంది. చిన్న గదైతే ఫలదీకరించిన గుడ్డు పెడుతుంది, అది కూలి ఈగ అవుతుంది. పెద్ద గదైతే ఫలదీకరించని గుడ్డు, అది పోతుటీగ, అంటే మగ ఈగ అవుతుంది. దేశవాళీ ఈగల్లో పోతు గది మూత నడుమ సూదిపోటంత రంధ్రం ఉంటుంది. పురుగు తొలిచిందనుకుని దాన్ని పీకేయకండి, అది దాని పుట్టుక తీరే.

ఒకే గదిలో మూడు నాలుగు గుడ్లు గోడలకు అంటి చెల్లాచెదురుగా ఉంటే రాణి పోయి కూలి ఈగలే పెడుతున్నట్టు. అడుగున సరిగ్గా నడుమ రెండేసి ఉంటే, కొత్తగా గుడ్లకు దిగిన రాణి తడబాటు కావచ్చు, వారం ఆగండి.

ప్రతి తగ్గుదలకీ రాణిని తప్పుపట్టొద్దు. వేప, సర్కారు తుమ్మ పూత ఉన్నంతకాలం గుడ్లు పుష్కలం. పూత అయిపోయి వడగాలి మొదలైతే ఈగలు నీళ్లు మోసి గూడు చల్లబరచడంలోనే పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు పుప్పొడి రాదు. అప్పుడు లీటరు నీటికి కిలో చక్కెర కలిపి చల్లార్చి, సాయంత్రం పెట్టెకు 200 మిల్లీలీటర్లు పోయండి. పగలు పోస్తే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. పుప్పొడి అసలే లేకపోతే పాకం ఒక్కటే పిల్లల్ని పెంచదు, అది గుర్తుంచుకోండి. నిమ్మతోటల దగ్గర పెట్టెలుంటే, పూత మీద మందు కొట్టే రోజును ముందే తోటవాళ్లని అడిగి తెలుసుకోవాలి.

ఇంకా అనుమానంగా ఉంటే, మరో పెట్టెలోంచి గుడ్లు, లేత పురుగులు ఉన్న ఫ్రేమొకటి తెచ్చి, దాని మీద రాణి లేదని చూసుకుని మధ్యలో దించండి. నాలుగు రోజుల్లో వేరుశనగకాయలా కిందికి వేలాడే రాణి గదులు కడితే రాణి లేనట్టే. కట్టకపోతే చాలావరకు ఉన్నట్టే, ఒక్క కూలి ఈగలు గుడ్లు పెడుతున్న పెట్టెలో తప్ప. కట్టిన గదుల్లోంచి వచ్చే రాణి పోతులతో కలిసి గుడ్లకు దిగడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. వాన ముసురు పట్టి ఆ రోజుల్లో ఎగిరి పోతులను కలవలేకపోతే పోతు గుడ్లే పెడుతుంది. అందుకే తుపాన్ల నెలలు దాటాకే కొత్త రాణి పనులు పెట్టుకోండి.