మన సెట్టు మనమే కడదాం – 4వ పాఠం: గుడ్డ మింగేస్తుంది, చెక్క తిరిగిస్తుంది

పోయిన పాఠంలో నాటకం సెట్టుకి ఫ్రేములు బిగించి నిలబెట్టాం. రంగులు కొనడానికి ఒక వారం ఆగమన్నాను. ఆ ఫ్రేముకి ఏం తొడుగుతారో ముందు తేల్చుకోవాలి. నటుడి మాట ఆఖరి వరసకు చేరడం, చేరకపోవడం చాలావరకు దాని మీదే ఉంటుంది.

కొన్నేళ్ల కిందట విజయనగరంలో ఒక నాటక పోటీకి మా బృందం సెట్టు నేనే వేశాను. మూడు వైపులా మందపాటి నల్ల గుడ్డ, ముడతలు ముడతలుగా. చూడ్డానికి బ్రహ్మాండం. రెండో రంగం నడుస్తుండగా వెనక నుంచి ఓ పెద్దాయన, "ఏటి బాబూ, గొంతు ఇనబడతాంది గానీ మాట ఇనబడ్డం లేదు!" అని అరిచాడు. మేమంతా మైకు కుర్రాడి మీద పడ్డాం. తప్పు నాది.

ఆయన అన్నది అక్షరాలా నిజం. శబ్దం స్థాయిని హెర్ట్జ్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ స్థాయి పైకి వెళ్తుంది. ముడతలతో వేలాడే బరువైన ముఖమల్ తెర, 1000 హెర్ట్జ్ దగ్గర తన మీద పడిన శబ్దంలో సుమారు 70 శాతం మింగేస్తుంది. 125 హెర్ట్జ్ దగ్గర మింగేది 15 శాతం లోపే. గొంతులోని బరువు కింది స్థాయిలో ఉంటుంది. మాటను విడదీసి చూపించే స, చ, త, క లాంటి హల్లుల పదును ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. తెర ఆ పదును తినేసి బరువును వదిలేస్తుంది. పద్యంలో రాగం తీసేటప్పుడు అంతగా తెలియదు గానీ, వచనంలో వెంటనే దొరికిపోతాం.

ప్లైవుడ్డుది ఇందుకు తలకిందుల గుణం. ఫ్రేము మీద బిగించిన 9, 10 మిల్లీమీటర్ల ప్లై 1000 హెర్ట్జ్ దగ్గర మింగేది సుమారు 10 శాతమే. మిగతాదంతా హాల్లోకి తిప్పి పంపుతుంది. కింది స్థాయిని మాత్రం తను కొద్దిగా ఊగుతూ పావు వంతు దాకా తీసుకుంటుంది. అందుకే ఎక్కువ మాటలున్న పాత్ర ఎక్కడ నిలబడుతుందో దర్శకుడిని అడిగి, సరిగ్గా దాని వెనక ప్లై ఫ్లాటు, అంటే ప్లై తొడిగిన ఫ్రేము, పెట్టండి. మరీ పల్చటి ప్లై అయితే డప్పులా మోగుతుంది. వెనక అడ్డబద్దలు వేయండి.

డబ్బుల్లేనివాళ్లు ఫ్రేముకి గాడా గుడ్డ, అంటే ముతక నూలు గుడ్డ, లాగి కడతారు. నేనూ కడతాను. ఉత్త గుడ్డలోంచి శబ్దం వెనక్కి దాటిపోతుంది. జిగురు, రంగు పూశాక రంధ్రాలు మూసుకుని హల్లుల్ని కొంత తిప్పికొడుతుంది. అయినా ప్లైతో సమానం కాదు. ఫ్లెక్సీ కూడా పైస్థాయి శబ్దాన్ని తిప్పికొడుతుంది గానీ, ఫ్యాను గాలికి టపటపలాడి కరుణ రసాన్ని హాస్యం చేసేస్తుంది. ఇక థర్మకోల్ శబ్దాన్ని ఆపుతుందని చాలామంది నమ్మకం. దాని గుల్లలన్నీ మూసుకుపోయి ఉంటాయి, బరువూ లేదు. మింగదు, ఆపదు. స్తంభాలు చెక్కుకోవడానికి పనికొస్తుంది, అదీ లైట్లకు దూరంగా, ఇట్టే అంటుకుంటుంది.

ఆకారం సంగతి. పక్క ఫ్లాట్లు రెండూ ఎదురెదురుగా సూటిగా నిలబెడితే మాట వాటి మధ్య బంతిలా కొట్టుకుంటుంది. చాట గుర్తుంది కదా, వెనక ఇరుకు, ముందు వెడల్పు. అలా విప్పి పెట్టండి. ప్రేక్షకుల వైపు తిరిగిన అర్ధచంద్రం మాత్రం వద్దు, శబ్దమంతా ఒక్క చోటే పోగవుతుంది.

కన్యాశుల్కం తీసుకోండి. 1892లో విజయనగరంలోనే తొలిసారి ఆడారు. తెర లేవగానే బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒక్కడే, తనలో తను మాట్లాడుకుంటాడు. వీధి కదా అని వెనకంతా ఖాళీ వదిలేసి నల్ల తెర వేస్తే ఆ మాటలు దక్కవు. ఇంటి గోడగా రంగు వేసిన ప్లై ఫ్లాటు ఒకటి అతని వెనక పెట్టండి. వీధికీ వీధి అవుతుంది, మాటకీ ఆసరా.

ఎత్తు వేదికలు గుల్లగా ఉంటాయి కాబట్టి అడుగుల చప్పుడు ధన్ ధన్ మని మోగుతుంది. లోపల పాత బొంతలు కుక్కండి, పైన గోనెపట్టా పరవండి. జనపనార మిల్లులున్న జిల్లా, గోనెలకు మనకేం లోటు?

ఈ వారం పని ఇది. ఒకరు సెట్టు ముందు నిలబడి తోట, కోట, చోట, నోట, పూట అనే మాటల్ని వరస మార్చి, మామూలు గొంతుతో ఇరవైసార్లు చదవాలి. ఇంకొకరు ఆఖరి వరసలో కూర్చుని విన్నది రాయాలి. నటుడి వెనక ఒకసారి తెర, ఒకసారి ప్లై. రెండు కాగితాల్లో తప్పులు లెక్కపెట్టండి. ఖాళీ హాల్లో చేస్తారు కాబట్టి ఒక సంగతి గుర్తుంచుకోండి: జనం నిండాక వాళ్ల ఒళ్లూ బట్టలూ కూడా శబ్దాన్ని మింగుతాయి. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబైన్ 1895లో ఈ లెక్కలు మొదలుపెట్టింది కూడా పక్క థియేటర్ కుర్చీల దిండ్లు రాత్రుళ్లు తెచ్చి, మళ్లీ మోసుకెళ్లే. మనకి బొంతలు చాలు. నాలుగు వరసల కుర్చీల మీద పరిచి మళ్లీ చదివించండి. ఆ మూడో కాగితం పక్కన పెట్టుకోండి, వేలాడే మైకులు ఎక్కడ కట్టాలో చెప్పే పాఠంలో దాంతోనే పని.