రిగ్గు దిగకముందే బోరు నీళ్ల పరీక్ష చేయించండి

గ్యాస్ బావి తవ్వాక నీళ్లు చెడిపోయాయని ఊరంతా మొత్తుకున్నా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ముందు బాగున్నాయనడానికి రుజువేది? కృష్ణా, గోదావరి డెల్టాలో దీనికి జవాబు చెప్పడం మరీ కష్టం. తీరం దగ్గరి బోర్లలో ఉప్పు ఎప్పట్నుంచో ఉంది.

ఫ్రాకింగ్‌లో నీళ్లు, ఇసుక, రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో లోతు రాతిని గ్యాస్ కోసం చీలుస్తారు. పైకి తిరిగొచ్చే నీటిలో అక్కడి ఉప్పూ లోహాలూ ఉంటాయి. కేసింగ్ (బావిలో దించే ఉక్కు గొట్టం) చుట్టూ సిమెంటు సరిగా పట్టకపోయినా, ఆ నీళ్లు నిలవచేసిన గుంట కారినా దెబ్బ మన ఊటకే. కాబట్టి ఫ్రాకింగ్ వద్దనే ఊరు మొట్టమొదట పట్టుకోవాల్సింది నీళ్ల సీసా.

రిగ్గు స్థలానికి కిలోమీటరు లోపున్న తాగునీటి బోర్లన్నీ, పోల్చడానికి దూరంగా మరొకటి ఎంచుకోండి. ఎండలు ముదిరిన మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి నీళ్లు పట్టాలి. ఒక్కసారే పడితే తర్వాతి తేడాను కాలం మీదికి నెట్టేస్తారు.

ట్యాంకు నీళ్లు వద్దు, నీటిలో కరిగిన మీథేన్ వాయువు అక్కడే ఎగిరిపోతుంది. బోరు దగ్గరి కుళాయి నుంచే పట్టాలి. మోటారు 15, 20 నిమిషాలు నడిపి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరులో వరసగా మూడు రీడింగులు దాదాపు ఒకేలా వచ్చాకే సీసా తీయండి. మీథేన్‌కు ల్యాబు ఇచ్చే చిన్న గాజు సీసానే వాడాలి. ధార సన్నగా పెట్టి అంచుదాకా నింపి, మూత బిగించి తలకిందులు చేయండి. ఒక్క బుడగ కనిపించినా ఆ సీసా పక్కన పెట్టి కొత్తది పట్టండి. లోహాల సీసాలో యాసిడ్ ముందే పోసి ఉంటుంది, దాన్ని కడగకూడదు. అన్నీ ఐస్ పెట్టెలో వీలైతే ఆరోజే ల్యాబుకు చేరాలి. చీటీ మీద తేదీ, సమయం, బోరు లోతు రాసి, పంచాయతీ కార్యదర్శి ఎదుట సంతకాలు చేయించి, ఫొటో తీయండి.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల సామర్థ్యాన్ని ధ్రువీకరించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటే చాలదు. ఆ గుర్తింపులో మీథేన్, బేరియం పరీక్షలు ఉన్నాయా అని ముందే అడగండి. టీడీఎస్, క్లోరైడ్, సల్ఫేట్, బ్రోమైడ్, బేరియం, స్ట్రాన్షియం, కరిగిన మీథేన్, బెంజీన్ చేయించాలి. డెల్టాలో అసలు సాక్షి బేరియం. సముద్రపు నీటిలో సల్ఫేట్ ఎక్కువ, అది బేరియాన్ని పట్టి అడుగుకు దించేస్తుంది. క్లోరైడ్‌తో పాటు సల్ఫేట్ పెరిగితే సముద్రాన్ని అనుమానించాలి. సల్ఫేట్ పెరగకుండా బేరియం, స్ట్రాన్షియం పెరిగితే లోతు నీటిని అనుమానించాలి. తాగునీటిలో బేరియం లీటరుకు 0.7 మిల్లీగ్రాములు దాటకూడదు. మీథేన్ వరి మడుల బురదలోనూ పుడుతుంది, కనుక అది ఎక్కువగా కనిపిస్తే అది బురదలో పుట్టిందా, లోతు నుంచి వచ్చిందా చెప్పే కార్బన్ ఐసోటోప్ పరీక్ష కూడా అడగండి.

ఇక కాగితాల పని. 2020 జనవరి నుంచి అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా చేశారు. ఊరిని అడగకుండా ఊరి కింద తవ్వే ఈ పద్ధతి అన్యాయం. అప్పుడు దారి గ్రామసభ తీర్మానం. దాని ప్రతిని కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఉత్పత్తి దశలో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. సభలో నోటితో చెప్పి ఊరుకోకుండా పరీక్షల రిపోర్టు జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి. 1995లో కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండిందని అక్కడ గుర్తుచేయండి.

"మరి కరెంటు ఎలా?" అని తప్పకుండా అడుగుతారు. లెక్కతో వెళ్లండి. 3 కిలోవాట్ల రూఫ్‌టాప్ సోలారుకు సుమారు 300 చదరపు అడుగుల చోటు చాలు, రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి. పీఎం సూర్యఘర్‌లో సబ్సిడీ 78,000 రూపాయలు. షేల్ రాతిని ఫ్రాకింగ్‌తో చీల్చే బావి ఒక్కోటి కోట్ల లీటర్ల నీరు తాగుతుంది, ప్యానెళ్లకు కావలసింది తుడవడానికి బకెట్ నీళ్లు. కోనసీమలో చూసుకోవాల్సింది కొబ్బరి మట్టల నీడ. ఒక్క ప్యానెల్ మీద పడినా వరస మొత్తం ఉత్పత్తి తగ్గొచ్చు. ఉప్పుగాలికి మామూలు ఇనుప ఫ్రేములు తుప్పు పడతాయి, గాల్వనైజ్ చేసినవే అడగండి.

పర్యావరణ అనుమతి వచ్చేసినా ఫైలు మూసేయొద్దు. 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు వేయొచ్చు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల గడువిస్తారు. రిగ్గు దిగితే అవే బోర్లలో, అదే ల్యాబుతో, అదే పద్ధతిలో మూడు నెలలకోసారి నీళ్లు పట్టండి.