రోహిణి కార్తె రాకముందే బ్యాటరీ ప్యాక్ విప్పి చూడండి

ఈ నెలలో ఒక ఆదివారం ఖాళీ పెట్టుకోండి. సొంతంగా సెల్స్ కొని, నికెల్ పట్టీలు వెల్డింగ్ చేసి, పాత స్కూటర్‌కో సైకిల్‌కో మోటార్ బిగించుకుని తిరిగే మనలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని పెద్దలన్నారు. ఆ ఎండలు మే చివర్లో వస్తాయి గానీ, రెంటచింతల, రామగుండం వైపు వాళ్లకు ఏప్రిల్ నుంచే నిప్పులు. లిథియం సెల్‌ను చార్జ్ చేయడానికి తయారీదారులు పెట్టే పై హద్దు మామూలుగా 45 డిగ్రీలు. మన ఊళ్లలో మధ్యాహ్నం నీడపట్టున గాలే 43, 44 ఉంటుంది. ఎండలో నిలబెట్టిన బండి సీటు కింది డబ్బా అంతకన్నా ఎక్కువ కాగిపోయి ఉంటుంది. చార్జర్ పెట్టకముందే హద్దు దాటేశామన్నమాట.

ఎండ ఒక్కటే ప్యాక్‌ను కాల్చదు, ఇది అర్థం చేసుకోవాలి. సెల్ లోపల 80 నుంచి 120 డిగ్రీల మధ్య ఆనోడ్ (మైనస్ వైపు పలక) మీది సన్నని పొర చెదరడం మొదలై, సెల్ తనంతట తానే వేడిని పుట్టిస్తుంది. 130 దగ్గర లోపలి పాలిథిలీన్ పొర కరిగి ప్లస్, మైనస్ కలిసిపోతాయి. అంత వేడి దాకా తీసుకెళ్లేది నీరసించిన సెల్, వదులు జాయింటు, తప్పు చార్జర్. చలికాలంలో వీటిని తట్టుకున్న ప్యాక్‌కు వేసవిలో ఆ వెసులుబాటు ఉండదు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, కొద్ది రోజులకే విజయవాడలో, ఇంట్లో రాత్రిపూట చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు రేగి 8 మంది పోయారు. పొగ మెట్లదారిన పైకి ఎక్కింది. ఆ తర్వాత బ్యాటరీల ప్రమాణం ఏఐఎస్-156ను బిగించి, 2022 డిసెంబరు నుంచి విడతలుగా అమలులోకి తెచ్చారు. అది కంపెనీ బండ్లకు. మనం ఇంట్లో కట్టుకున్న ప్యాక్‌ను ఏ ల్యాబూ చూడదు. చూసుకోవాల్సింది మనమే.

అందుకే అన్నిటికన్నా ముందు ఒక మాట. మనుషులు పడుకునే చోట ప్యాక్‌కు చార్జింగ్ పెట్టవద్దు, మనుషులు పడుకునే వేళ అసలే పెట్టవద్దు. మిగతా జాగ్రత్తల్లో ఒకటి తప్పినా బండి పోతుంది, ఇది తప్పితే ఇల్లు పోతుంది. రాత్రి పెట్టి తెల్లారి తీయడం అందరికీ అలవాటే, నాకూ ఉండేది. ఇప్పుడు తెల్లవారుజామున లేచి పెడుతున్నాను. ఆ వేళ గాలి చల్లగా ఉంటుంది, నేను మేలుకుని ఉంటాను. 48 వోల్టుల 20 యాంపియర్ అవర్ ప్యాక్‌కు 5 యాంపియర్ల చార్జర్‌తో నాలుగు గంటల పైనే పడుతుంది. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా తిప్పకపోతే రెండు గంటల్లో అయిపోతుంది.

చోటు సంగతి. మెట్ల కింద పెట్టేవాళ్లు చాలామంది. నీడ ఉంటుంది, ప్లగ్గు ఉంటుంది, కానీ పైవాళ్లకు దిగే దారి అదొక్కటే. గుమ్మం పక్కన పెట్టినా అంతే. డాబా మీద రేకుల షెడ్డు మధ్యాహ్నానికి కొలిమి అవుతుంది. ఆవరణలో గోడ నీడన, సిమెంటు గచ్చు మీద, గ్యాస్ బండకూ పెట్రోలు డబ్బాకూ దూరంగా పెట్టుకోండి. సొంత ఆవరణ లేని అపార్ట్‌మెంటు వాళ్లకు ఇది నిజంగా కష్టం, నాకు తెలుసు. సెల్లార్‌లో లిఫ్టుకూ మెట్లకూ దూరంగా, గాలి ఆడే మూల ఇమ్మని అసోసియేషన్‌ను అడగండి. ఇవ్వకపోతే ప్యాక్‌ను పైకి మోసుకెళ్లి పడకగదిలో పెట్టుకోవడం మాత్రం పరిష్కారం కాదు.

ఇప్పుడు చార్జర్. రెండేళ్ల కిందట నా చార్జర్ కాలిపోతే, 48 వోల్టులదని చెబితే దుకాణంలో కొన్నాను. పెట్టిన గంటకు బీఎంఎస్, అంటే ప్యాక్‌లో సెల్స్‌ను కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ బోర్డు, కట్ చేసింది. మల్టీమీటర్‌తో చూస్తే చార్జర్ 58.4 వోల్టులు ఇస్తోంది. అది 16 ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) సెల్స్ వరసకు చేసినది. నాది 13 ఎన్ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్ రకం) సెల్స్ వరస, దాని హద్దు 54.6. భాగించి చూడండి, ఒక్కో సెల్‌కు 4.49 వోల్టులు. 4.2 దాటకూడని సెల్ అది. బీఎంఎస్ కాపాడింది కాబట్టి ఇది రాస్తున్నాను. బీఎంఎస్‌లో స్విచ్‌ల్లా పనిచేసే మాస్‌ఫెట్లు చెడిపోతే ఎక్కువసార్లు షార్ట్ అయి కరెంటును వదులుతూనే ఉంటాయి, అప్పుడు ఆపేవాడు ఉండడు. డబ్బా మీద 48 అని ఉంటే చాలదు. కొత్త చార్జర్‌ను ప్యాక్‌కు తగిలించకముందే దాని కొసల దగ్గర వోల్టేజీ కొలవండి. వరసలో ఉన్న సెల్స్ సంఖ్యను ఎన్ఎంసీ అయితే 4.2తో, ఎల్ఎఫ్‌పీ అయితే 3.65తో హెచ్చవేయండి. అంతకు మించి చూపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

ఆదివారం పని ఇదీ. ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసేయండి. ప్యాక్‌ను సగం చార్జ్‌లో ఉంచి విప్పండి. సెల్స్ నుంచి బీఎంఎస్‌కు వెళ్లే సన్నని బ్యాలెన్స్ వైర్ల దగ్గర, సమాంతరంగా కలిపిన ప్రతి సెల్స్ గుంపు వోల్టేజీ కొలిచి కాగితం మీద రాసుకోండి. ఒక్క గుంపు మిగతావాటికన్నా దిగువగా ఉంటే, బ్యాలెన్స్ చేసి, అంటే అన్నిటినీ ఒకే వోల్టేజీకి తెచ్చి, వారం ఆగి మళ్లీ కొలవండి. మళ్లీ అదే గుంపు దిగితే అందులో ఒక సెల్ చార్జ్ లోలోపలే కారిపోతోంది. దాన్ని బీఎంఎస్ బాగుచేయలేదు, మార్చాల్సిందే. పాత ల్యాప్‌టాప్ సెల్స్‌తో కట్టినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఏ సెల్ ఎన్నేళ్లు ఎలా బతికిందో తెలియదు కాబట్టి, వాటిని చార్జ్ చేసి మూడు నాలుగు వారాలు పక్కన పెట్టి, దిగినవాటిని ఏరేయకుండా ప్యాక్‌లో వేయకండి. నా మట్టుకు నేను మనిషి కూర్చునే బండికి పాత సెల్స్ వాడటం మానేశాను.

పట్టీ ముక్క మిగిలి ఉంటే గీరి ఉప్పునీళ్లలో ఒక రాత్రి ఉంచండి. తుప్పు పడితే అది నికెల్ పూత పూసిన ఇనుము. దాని నిరోధం ఎక్కువ, లోడ్ పడితే కాలుతుంది. వెల్డింగ్ చుక్కల దగ్గర రంగు మారిందా, సెల్ ప్లస్ కొన చుట్టూ ఇన్సులేషన్ పేపరు రింగు చిట్లిందా, వైరు ఎక్కడైనా అంచుకు రాసుకుంటోందా చూడండి. కనెక్టరు ప్లాస్టిక్ పసుపు తిరిగినా, మెత్తబడినా మార్చేయండి. ఉష్ణోగ్రత సెన్సారు గాల్లో వేలాడకుండా ప్యాక్ నడిమధ్య సెల్స్‌కు ఆనించి ఉండాలి. వేడి పోగుపడేది అక్కడే. ఫ్యూజు డీసీకి, మీ ప్యాక్ పూర్తి వోల్టేజీకి తగినదై ఉండాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ డీసీ నిప్పురవ్వను తెంపలేకపోవచ్చు.

నడిపేటప్పుడు పెద్దగా చెప్పేది లేదు. ఫ్లైఓవర్ ఎక్కి ఇంటికి రాగానే చార్జర్ పెట్టకండి, గంటసేపు నీడన చల్లారనివ్వండి. ఊరెళ్తుంటే సగం చార్జ్‌లో వదిలి వెళ్లండి.

మృగశిర చినుకులు పడ్డాక వేరే కష్టం. ముంపు నీళ్లలో మునిగిన ప్యాక్ ఎండబెట్టాక పనిచేస్తున్నా నమ్మకండి. లోపల తుప్పు నెమ్మదిగా పని చేస్తుంది. దాన్ని ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించండి.

చివరగా ఇంట్లోవాళ్లకు చెప్పాల్సినవి. బుస్సుమన్న చప్పుడు, తియ్యటి ఘాటు వాసన, ఉబ్బిన డబ్బా, ఈ మూడింట్లో ఏది కనబడినా ప్యాక్‌ను ఎత్తి బయట పడేయాలని చూడకూడదు. చేతుల్లోనే అంటుకుంటుంది. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, పీల్చకూడదు. అందరూ బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయాలి, బ్యాటరీ అంటుకుందని స్పష్టంగా చెప్పాలి. ఇసుక, మంటలార్పే పౌడరు మంటను అణచినా లోపలి వేడిని తీయలేవు, గంటల తర్వాత కూడా మళ్లీ రాజుకుంటుంది. చల్లార్చేది ధారాళంగా నీళ్లే, అదీ కరెంటు ఆపాక, దూరం నుంచి. ఆ కరెంటు ఆపే స్విచ్ ఎక్కడుందో మీ ఒక్కరికే తెలిస్తే లాభం లేదు. ఈ ఆదివారమే అమ్మకూ, పిల్లలకూ, కింది పోర్షన్ వాళ్లకూ చూపించి, ఒకసారి వాళ్ల చేతే వేయించండి.