పొడుగాటి ఫ్రెంచి మాటలకు నాకు నోరు తిరిగిన విధం

ఇంద్రధనుస్సుకు ఫ్రెంచిలో వాడే సమాసాన్ని, రాతలోని అడ్డగీతలను నమ్మి, 'ఆర్క్-ఎన్-సియెల్' అని విరిచి చదివేవాడిని; వినేవారికి అర్థమయ్యేది కాదు. ముక్కలు మూడే గాని విరుపు తప్పు. మొదటి పదం చివరి కకారం పక్క మాటలోని అచ్చును పట్టుకుంటుంది కనుక అది 'ఆర్-కాఁ-స్యెల్' అవుతుంది. ఆ అనునాసికం రాసుకోవడానికి, బడిలో వృథా అనుకున్న మన అరసున్నే పనికొచ్చింది.

తరువాత, 'రాజ్యాంగ విరుద్ధంగా' అనే అర్థమిచ్చే 25 అక్షరాల మాటను (anticonstitutionnellement), ఊనిక చివరి ముక్కపైనే పడుతుంది కాబట్టి, వెనుక నుంచి కూర్చుకున్నాను: మాఁ, నెల్మాఁ, స్యొనెల్మాఁ. 'నెల్' తరువాతి 'ఎ' పలకదు కనుక మొత్తం ముక్కలు ఎనిమిదే: 'ఆఁ-తి-కోఁస్-తి-తు-స్యొ-నెల్-మాఁ'. ఐదో ముక్కలోని అచ్చు మాత్రం మన లిపికి లొంగదు. పెదవులను 'ఉ'కు చుట్టి, నాలుకతో 'ఇ' అంటేనే వస్తుంది.