కుంగిన పాత ఇటుకల బాట: చివరికి ఇలా కుదిరింది (నా అనుభవం)

ఒహాయోలోని ఏథెన్స్‌లో ఉంటున్నాం. ఇక్కడి పాత వీధుల్లో ‘ఏథెన్స్ బ్లాక్’ అని అచ్చుపడిన ఇటుకలు ఇప్పటికీ ఉన్నాయి. మా గుమ్మం ముందు బాట కూడా అవే ఇటుకలది. ఒకచోట కుంగి, వానొస్తే నీళ్లు నిలిచేవి.

సందుల్లో సిమెంటు నింపితే చలికాలం నీళ్లు గడ్డకట్టి అది పగిలింది. పైన ఇసుక పోస్తే కొట్టుకుపోయింది.

పనిచేసింది ఇది. ముందు ఫొటో తీసుకుని, గుంట చుట్టూ ఇంకో రెండు వరసలు కలిపి ఇటుకలు ఊడదీశాను. మొదటి ఇటుకే మొండికేస్తుంది. సందు గీకి, రెండు పక్కలా సన్నటి రేకులు దూర్చి లేపాలి. కింద మట్టి బురదలా ఉంది, కప్పు మీది నీళ్ల గొట్టం అక్కడికే వదులుతోంది మరి! ముందు గొట్టం పక్కకు తిప్పాను. మెత్తటి మట్టి తీసేసి, సన్న కంకర కొంచెం కొంచెంగా పోస్తూ, తడుపుతూ, దిమ్మిసతో కొట్టాను. దానిపైన అంగుళం మందాన ముతక ఇసుక పరిచి, చెక్కతో చదును చేశాను. ఇటుకలు ఒక పిసరు ఎత్తుగా పేర్చి రబ్బరు సుత్తితో దించి, సందుల్లోకి పొడి ఇసుక ఊడ్చాను. ఇటుక తిరగేస్తే కొత్తదానిలా ఉంటుంది కానీ అక్షరాలు కిందికి పోతాయి. నాకు మనసొప్పలేదు.

ఒక చలికాలం గడిచింది, కదల్లేదు. కార్లు తిరిగే చోట ఇది ఆగుతుందో లేదో చెప్పలేను. చెట్టు వేళ్లు పైకి తోసిన చోట మాత్రం దీంతో పని జరగదు. వీధిలోని ఇటుకలు సిటీ వాళ్లవి, వాటి జోలికి పోకండి.